సింగపూర్ నుంచి టోక్యోకు ఎంత దూరం, ఎంతసేపు? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయానికీ, టోక్యోకు సేవలందించే హనేదా, నరితా విమానాశ్రయాలకూ మధ్య ప్రయాణం గురించే ఉన్నాయి. ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు కావడం వల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నా టికెట్ ప్రకారం సింగపూర్‌లో ఉదయం 9 గంటలకు బయలుదేరే విమానం సాయంత్రం 5 గంటలకు టోక్యో చేరుతుంది. తిరుగు ప్రయాణంలో టోక్యోలో ఉదయం 11 గంటలకు బయలుదేరి సాయంత్రం 5:30కి సింగపూర్ చేరుతుంది. అంటే వెళ్లడానికి ఎనిమిది గంటలు, రావడానికి ఆరున్నర గంటలు. వచ్చేటప్పుడు గాలి కలిసి వస్తుందని మా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: గాలి ప్రభావం ఉన్న మాట నిజమే కానీ, అది మీ మిత్రుడు చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. గాలి కలిసి వచ్చేది వెళ్లేటప్పుడు. వచ్చేటప్పుడు అది ఎదురు నిలుస్తుంది.

టికెట్ మీద బయలుదేరే సమయాన్ని బయలుదేరే ఊరి గడియారం ప్రకారమూ, చేరే సమయాన్ని చేరే ఊరి గడియారం ప్రకారమూ ముద్రిస్తారు. విమానయానమంతటికీ కొలబద్ద అయిన యూటీసీ కంటే సింగపూర్ సమయం 8 గంటలు, జపాన్ సమయం 9 గంటలు ముందుంటాయి. కాబట్టి సింగపూర్‌లో ఉదయం 9 అయినప్పుడు టోక్యోలో అప్పటికే 10 అయి ఉంటుంది. మీరు లెక్కవేసిన ఎనిమిది గంటల్లో ఒక గంట ఈ గడియారాల తేడాయే తప్ప ప్రయాణం కాదు. దాన్ని తీసివేస్తే అసలు ప్రయాణం ఏడు గంటలు. తిరుగు ప్రయాణంలో అదే గంటను కలుపుకోవాలి గనుక ఆరున్నర కాస్తా ఏడున్నర అవుతుంది. అంటే టోక్యోకు వెళ్లడమే అరగంట తక్కువ సమయం తీసుకుంటోంది. గడియారాల తేడా ఒకవైపు కలిసి, మరోవైపు తీసివేయబడి, మొత్తం మీద రెండు గంటల వ్యత్యాసాన్ని సృష్టిస్తుంది. గాలి వల్ల వచ్చిన అసలైన అరగంట దాని చాటున కనిపించకుండా పోతుంది. టికెట్‌ను మాత్రమే చూసి గాలి గురించి తీర్మానం చేసేవారు చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఈ రెండు దేశాల్లోనూ వేసవిలో గడియారాలను ముందుకు జరిపే పద్ధతి ఇప్పుడు లేదు కాబట్టి, ఒక గంట తేడా ఏడాది పొడవునా మారదు. రాత్రి విమానాలకు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. రాత్రి పొద్దుపోయి సింగపూర్‌లో బయలుదేరే విమానం మర్నాడు ఉదయం టోక్యోలో దిగుతుంది. టికెట్ మీద చేరే సమయం పక్కన చిన్న అక్షరాల్లో కనిపించే ‘+1’ గుర్తు ఈ తేదీ మార్పును సూచిస్తుంది. హోటల్ గదిని బయలుదేరే తేదీకి కాకుండా ఆ మర్నాటి తేదీకి తీసుకోవాలి.

ప్రశ్న: రెండు నగరాల మధ్య దూరం ఒకచోట 5,300 కిలోమీటర్లని, ఇంకోచోట 5,350 అని, మరోచోట 2,890 అని కనబడుతోంది. ఇంత తేడా ఎందుకు? దేన్ని నమ్మాలి?

జవాబు: మూడూ నమ్మదగినవే. చాంగీ నుంచి హనేదాకు దూరం సుమారు 5,300 కిలోమీటర్లు, నరితాకు సుమారు 5,350 కిలోమీటర్లు. టోక్యో అని మాత్రమే రాసి ఏ విమానాశ్రయమో చెప్పకపోతే యాభై కిలోమీటర్ల తేడా అక్కడే వచ్చేస్తుంది. ఇక 2,890 అనేది కిలోమీటర్లలో కాకుండా నాటికల్ మైళ్లలో చెప్పిన నరితా దూరం. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, పైలట్లూ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లూ దూరాన్ని ఇందులోనే చెప్పుకుంటారు. మామూలు మైళ్లలో చెబితే అదే దూరం 3,325 దరిదాపుల్లో ఉంటుంది. ప్రమాణం రాయని అంకెను చూసినప్పుడు ముందుగా అది ఏ కొలతలో ఉందో తేల్చుకోవాలి. భూమిని నిండు గోళంగా తీసుకున్నారా, ధ్రువాల దగ్గర కాస్త అణిగిన గోళంగా తీసుకున్నారా అన్నదాన్ని బట్టి కూడా కొన్ని కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి కానీ, ప్రయాణికుడు దాన్ని పట్టించుకోనవసరం లేదు.

ఈ అంకెలన్నీ భూగోళం ఉపరితలం మీద రెండు బిందువుల మధ్య గీయగల అతి తక్కువ దూరపు గీతను, అంటే మహావృత్త మార్గాన్ని కొలిచి చెప్పినవే. ఆ గీతను పట్టుకుని వెళితే చాంగీ నుంచి ఈశాన్యంగా దక్షిణ చైనా సముద్రాన్ని దాటి, ఫిలిప్పీన్స్‌లోని లుజోన్ దీవికీ తైవాన్‌కూ మధ్య ఉన్న జలసంధి మీదుగా సాగి, దాదాపు ఒకినావా నెత్తి మీదుగా జపాన్ వైపు మళ్లుతాం; ఆ తరువాత కీయీ ద్వీపకల్పపు దక్షిణపు కొసను పక్కన పెట్టుకుని టోక్యో చేరతాం. దారి పొడవునా సముద్రమే ఎక్కువ. ఈ గీత వెంట ఎగిరే విమానాన్ని సింగపూర్, మనీలా, తైపే, ఫుకువోకా వంటి కేంద్రాల కంట్రోలర్లు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ నడిపిస్తారు. అసలు విమానం ఈ గీత మీదే నడవదు. ముందుగా నిర్ణయించిన వాయుమార్గాలను అనుసరిస్తూ, వానాకాలపు తుపానులను తప్పించుకుంటూ, ఆ రోజు గాలి అనుకూలంగా ఉన్న దారిని ఎంచుకుంటూ పోతుంది కాబట్టి, నిజంగా ఎగిరే దూరం పై అంకె కంటే ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. లుజోన్ జలసంధి, ఒకినావా ప్రాంతాలు పసిఫిక్ తుపానుల దారిలోనే ఉన్నాయి. జూలై నుంచి అక్టోబరు వరకు ఈ చుట్టు తిరుగుడు ఎక్కువగా కనిపిస్తుంది.

గోడ మీది పటంలో స్కేలు పెట్టి గీసిన గీత తక్కువ దూరం కాదని చాలామంది విని ఉంటారు. అది నిజమే గానీ ఈ జంట విమానాశ్రయాల విషయంలో దాని ప్రభావం నామమాత్రం. సింగపూర్ భూమధ్యరేఖను ఆనుకునే ఉన్నందువల్ల, ప్రయాణం ఉత్తరానికీ తూర్పుకూ సమానంగా మొగ్గి ఉన్నందువల్ల రెండు గీతలకూ తేడా పది కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. అదే దుబాయ్ నుంచి టోక్యోకు చూస్తే, పటం మీది తిన్నని గీత మహావృత్త మార్గం కంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా ఎక్కువ. ఆ ప్రయాణం దాదాపు పూర్తిగా తూర్పుకు సాగడమే దానికి కారణం.

ప్రశ్న: పెద్ద విమానాలు గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళతాయంటారు. ఆ లెక్కన 5,350 కిలోమీటర్లకు ఆరు గంటలు కూడా పట్టకూడదు. ఏడు గంటలని ఎందుకు చెబుతారు?

జవాబు: మీరు వేసిన భాగహారం సరైనదే. కానీ 900 అనేది విమానం పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు చేరి నిలకడగా సాగుతున్నప్పటి వేగం. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి విమానాలు ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ప్రయాణిస్తాయి. ఆ ఎత్తులో గాలి చాలా చల్లగా ఉంటుంది గనుక ధ్వని వేగమే గంటకు 1,060 కిలోమీటర్లకు తగ్గిపోతుంది, అందులో 85 శాతం అంటే సుమారు 900. ఆ ఎత్తుకు ఎక్కడానికి ఇరవై అయిదు నిమిషాల వరకు పడుతుంది. దిగడం ఇంకా ముందే మొదలవుతుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తు తగ్గడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలన్నది పైలట్ల మోటు లెక్క. 38,000 అడుగుల నుంచి దిగాలంటే గమ్యానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉండగానే ఇంజన్ల జోరు తగ్గించాలి. ఈ రెండు దశల్లోనూ వేగం 900కు చాలా తక్కువ.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, టైమ్‌టేబుల్‌లో ఉండేది గాలిలో గడిపిన సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలిన క్షణం నుంచి గమ్యంలో గేటు దగ్గర ఆగిన క్షణం వరకు లెక్కిస్తారు. విమాన సంస్థలు దీన్ని బ్లాక్ టైమ్ అంటాయి. వెనక్కి నెట్టించుకుని, ఇంజన్లు వేసుకుని, రన్‌వే దాకా నేల మీద పాకి, ముందున్న విమానాలు లేచేదాకా వరుసలో ఆగడం ఇందులోకే వస్తుంది. అటుపక్క దిగిన తరువాత విమానం టెర్మినల్‌ దాకా సాగే నడక కూడా అంతే. నరితాలో దూరపు రన్‌వే మీద దిగితే ఈ నడక చాలాసేపు సాగుతుంది. టోక్యో మీద రద్దీ ఉన్న వేళల్లో కంట్రోలర్లు విమానాలను వరుసలో పెట్టడానికి చుట్టు తిప్పుతారు. ఇవన్నీ కలిసి ఆరు గంటలను ఏడు గంటలు చేస్తాయి.

ఆలస్యం కాకూడదన్న ముందుజాగ్రత్తతో విమాన సంస్థలు ఈ సమయానికి పది, పదిహేను నిమిషాలు కలిపి చెప్పడం కూడా ఉంది. టైమ్‌టేబుల్ సమయానికి పదిహేను నిమిషాల లోపు చేరితే సమయానికి వచ్చినట్టే లెక్కించడం ఈ రంగంలో పరిపాటి. ముందుగానే దిగి, గేటు ఖాళీగా లేదని విమానంలోనే కూర్చోబెట్టడం మీకు ఎదురై ఉంటే దానికి కారణం ఈ అదనపు నిమిషాలే.

సుమారు లెక్క కావాలనుకునేవారికి ఒక ఉపాయం చెబుతాను. మహావృత్త దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని 850తో భాగించి, వచ్చినదానికి ముప్పావు గంట కలపండి. సింగపూర్–నరితాకు ఏడు గంటల మూడు నిమిషాలు వస్తుంది. సింగపూర్–బ్యాంకాక్ దూరమైన 1,400 కిలోమీటర్లకు సుమారు రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు వస్తుంది. టైమ్‌టేబుల్‌లో ఉండేదీ దాదాపు అంతే. ఈ లెక్కకు గాలి తెలియదు. తూర్పు పడమరలుగా సాగే దూర ప్రయాణాల్లో ఇది రెండు దిశల సగటుకు దగ్గరగా వస్తుంది తప్ప, ఏ ఒక్క దిశకూ సరిపోదు.

ప్రశ్న: టోక్యో వైపు అంత బలమైన గాలి ఉంటే తేడా అరగంటే ఎందుకు? దుబాయ్–టోక్యో విమానాల్లో గంటకు మించి తేడా చూశాను. పైగా టోక్యో దగ్గరికి వచ్చాకే విమానం ఎక్కువగా కుదుపులకు లోనైంది.

జవాబు: రెండు పరిశీలనలకూ మూలం ఒక్కటే. జపాన్ మీదుగా, పది కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకు ఒక ఇరుకైన గాలి ప్రవాహం పరుగెడుతుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. శీతాకాలంలో జపాన్ మీద దీని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలు. భూగోళం మొత్తం మీద ఇది అత్యంత బలంగా ఉండే చోట్లలో జపాన్ ఒకటి.

ఈ గాలిని మొదట పద్ధతిగా కొలిచినది కూడా మనం చెప్పుకుంటున్న నరితాకు ఎంతో దూరంలో లేని చోటే. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి 1920లలో, ఇప్పటి త్సుకుబా నగరంలో భాగమైన తతెనో పరిశీలన కేంద్రం నుంచి బెలూన్లను వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో కోణాలను కొలిచే దుర్బిణి అయిన థియోడొలైట్‌తో గమనిస్తూ పై గాలుల వేగాన్ని లెక్కగట్టారు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఆయన తన ఫలితాలను 1926లో, అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పెరాంటో భాషలో ప్రచురించారు. ఆ భాష వచ్చినవారు ఎక్కడా ఎక్కువమంది లేరు గనుక జపాన్ బయట వాటిని పట్టించుకున్నవారు దాదాపు లేరు. 1944 నవంబరులో మరియానా దీవుల నుంచి టోక్యో మీదికి వచ్చిన అమెరికా బీ–29 బాంబర్లు అదే ఎత్తులో అదే గాలికి చిక్కి గురి తప్పాకగానీ దాని సంగతి మిగతా ప్రపంచానికి గట్టిగా తెలిసిరాలేదు. ఇప్పుడు ఆ గాలినే లెక్కలో వేసుకుని విమాన సంస్థలు ఇంధనం ఆదా చేస్తున్నాయి.

ఇక అరగంట సంగతి. సింగపూర్ నుంచి ఒకినావా సమీపానికి వచ్చేదాకా ప్రయాణం ఉష్ణమండలంలోనే సాగుతుంది; అక్కడ పై గాలులు బలహీనం. జెట్ స్ట్రీమ్ చేతికి విమానం చిక్కేది చివరి 1,500 కిలోమీటర్లలోనే. అక్కడ గాలి వేగం సగటున గంటకు 150 కిలోమీటర్లు అనుకుందాం. విమానం వెళుతున్నది ఈశాన్యానికి, గాలి వీస్తున్నది తూర్పుకు. కాబట్టి ఆ గాలిలో నాలుగింట మూడు వంతులు, అంటే 110 కిలోమీటర్లు మాత్రమే కలిసి వస్తాయి. అప్పుడు నేల మీద కొలిచే వేగం వెళ్లేటప్పుడు 1,010, వచ్చేటప్పుడు 790 అవుతుంది. ఆ 1,500 కిలోమీటర్లకు ఒకవైపు 89 నిమిషాలు, మరోవైపు 114 నిమిషాలు పడతాయి. తేడా 25 నిమిషాలు. గాలే లేకపోతే రెండువైపులా నూరేసి నిమిషాలు పట్టేవి. వెళ్లేటప్పుడు మిగిలినవి 11 నిమిషాలైతే వచ్చేటప్పుడు పోయినవి 14 నిమిషాలు. అంటే రాకపోకలు రెండూ కలిపి చూస్తే గాలి ఎప్పుడూ నష్టమే తెస్తుంది. ఎదురుగాలిలో విమానం నెమ్మదించి, ఆ గాలిలోనే ఎక్కువసేపు ఉండాల్సి రావడం దీనికి కారణం. దుబాయ్ నుంచి టోక్యో దారి ఆసియా ఖండం వెడల్పునా ఈ గాలి పట్టీకి దగ్గరగానే తూర్పుకు సాగుతుంది గనుక అక్కడ తేడా గంట దాటుతుంది.

వేసవిలో జెట్ స్ట్రీమ్ బలహీనపడి ఉత్తరానికి జరిగిపోతుంది. అప్పుడు సింగపూర్–టోక్యో రాకపోకల మధ్య తేడా బాగా తగ్గుతుంది. విమాన సంస్థల టైమ్‌టేబుళ్లు మార్చి చివరి ఆదివారం నాడూ అక్టోబరు చివరి ఆదివారం నాడూ మారతాయి; ఒకే సర్వీసుకు వేసవిలో ఒక ప్రయాణ సమయం, శీతాకాలంలో మరొకటి కనిపించడానికి ఇదీ ఒక కారణం.

కుదుపులు పుట్టేది జెట్ స్ట్రీమ్ అంచుల్లో. వేగంగా పోయే గాలీ, దాని పక్కనే నెమ్మదిగా కదిలే గాలీ ఒరుసుకునే చోట మేఘం జాడ లేకుండానే విమానం ఊగుతుంది. మేఘాలు లేనందువల్ల రాడార్‌కు కూడా అది కనబడదు. ముందు వెళ్లిన విమానాల పైలట్లు చెప్పిన కబురే ముఖ్యమైన ఆధారం. టోక్యో వైపు వెళ్లే విమానాలు 37,000, 39,000 వంటి బేసి వేల అడుగుల ఎత్తుల్లోనూ, సింగపూర్ వైపు వచ్చేవి 36,000, 38,000 వంటి సరి వేల ఎత్తుల్లోనూ నడుస్తాయి కాబట్టి, కుదుపులు తప్పించడానికి పైలట్ ఎత్తు మార్చమని అడిగితే సాధారణంగా రెండు వేల అడుగుల అంగలే దొరుకుతాయి. శీతాకాలంలో ఈ మార్గంలో ప్రయాణించేవారు చివరి రెండు గంటలూ బెల్టు పెట్టుకునే కూర్చోవడం మంచిది.

ప్రశ్న: భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా. మరి టోక్యో మన నుంచి దూరంగా జరిగిపోవాలి, వెళ్లడానికే ఎక్కువ సమయం పట్టాలి కదా?

జవాబు: విమానం ఎగిరే గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. చాంగీ రన్‌వే మీద నిలబడి ఉన్న విమానం కూడా అప్పటికే గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూ ఉంటుంది. గాలిలోకి లేచినంత మాత్రాన ఆ వేగం పోదు. అయితే భూభ్రమణానికి ఈ కథలో పరోక్షమైన పాత్ర ఉంది. టోక్యో అక్షాంశం దగ్గర నేల తిరిగే వేగం గంటకు సుమారు 1,360 కిలోమీటర్లే. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి సాగినప్పుడు, తనతో తెచ్చుకున్న ఎక్కువ వేగం వల్ల కింది నేల కంటే ముందుకు, అంటే తూర్పుకు, పరుగెత్తుతుంది. జెట్ స్ట్రీమ్ పుట్టడానికి ఉన్న కారణాల్లో ఇది ప్రధానమైనది.

ప్రశ్న: హనేదా, నరితాలలో దేనికి టికెట్ తీసుకుంటే త్వరగా చేరతాం?

జవాబు: గాలిలో తేడా నాలుగైదు నిమిషాలు. అసలు తేడా నేల మీద ఉంది. హనేదా టోక్యో నడిబొడ్డుకు దక్షిణంగా పదిహేను కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉంది. మోనోరైల్ ఎక్కినా, కేక్యూ రైలు ఎక్కినా ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా నగరంలో ఉంటారు. 1978లో మొదలైన నరితా నగరానికి తూర్పున అరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి వేగవంతమైన స్కైలైనర్ రైలులోనే నిప్పోరి స్టేషన్‌కు నలభై నిమిషాలు పడుతుంది, టోక్యో స్టేషన్‌కు నరితా ఎక్స్‌ప్రెస్‌లో గంటకు అటూ ఇటూగా పడుతుంది. రైలు కోసం ఆగే సమయం దీనికి అదనం.

అయినా అన్నిసార్లూ హనేదాయే మేలనలేం. నరితాలో చుట్టుపక్కల నివసించేవారి నిద్ర చెడకూడదని అర్ధరాత్రి దాటాక తెల్లవారేదాకా విమానాల రాకపోకలను ఆపుతారు. హనేదా ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది కాబట్టి, అర్ధరాత్రి వేళ దిగే, లేచే విమానాలు అక్కడే దొరుకుతాయి. కానీ హనేదాలో అర్ధరాత్రి దిగితే నగరంలోకి వెళ్లే రైళ్లు ఆగిపోయి ఉంటాయి, మిగిలేది ఎక్కువగా ట్యాక్సీయే. టోక్యోలో పని ఉన్నవారికి పగటి పూట దిగే హనేదా విమానం ఉత్తమం. నగరానికి తూర్పున ఉన్న చిబా ప్రాంతానికి వెళ్లేవారికి మాత్రం నరితాయే దగ్గర. టికెట్లు వెతికేటప్పుడు టీవైఓ అనే నగర సంకేతం వాడితే రెండు విమానాశ్రయాలూ కలిసి వస్తాయి. హనేదాకు హెచ్‌ఎన్‌డీ, నరితాకు ఎన్‌ఆర్‌టీ అని విడిగా ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒకదానిలో దిగి, వచ్చేటప్పుడు మరొకదాని నుంచి బయలుదేరే టికెట్లు కూడా ఉంటాయి. ఆ సంగతి చూసుకోకుండా తప్పు విమానాశ్రయానికి వెళితే, రెండింటి మధ్య ప్రయాణానికి గంటన్నర అయినా కేటాయించాలి.

ప్రశ్న: ఒక గంటే తేడా కదా, నిద్ర వేళలు చెదిరే బాధ ఉండదనుకోవచ్చా?

జవాబు: గడియారం ప్రకారం ఉండకూడదు. సూర్యుడి లెక్క వేరు. రెండు నగరాల మధ్య 36 డిగ్రీల రేఖాంశం తేడా ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే సూర్యుడు టోక్యోకు రెండు గంటల ఇరవై నిమిషాలకు పైగా ముందు చేరతాడు. 104వ రేఖాంశం మీదున్న సింగపూర్ సూర్యుడి ప్రకారమైతే యూటీసీకి ఏడు గంటలు ముందుండాలి. 1982 జనవరి 1 నుంచి ఆ దేశం ఎనిమిది గంటల సమయాన్ని పాటిస్తోంది. జపాన్ గడియారం 135వ రేఖాంశాన్ని అనుసరిస్తుంది, టోక్యో దానికి ఇంకా తూర్పున ఉంది. ఫలితంగా సింగపూర్‌లో ఏడాది పొడవునా ఉదయం ఏడు గంటల ప్రాంతంలో తెల్లవారితే, టోక్యోలో జూన్ నెలలో నాలుగున్నరకు ముందే సూర్యుడు ఉదయిస్తాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే అస్తమిస్తాడు. వేసవిలో మందపాటి పరదాలు లేని గదిలో దిగినవారికి తెల్లవారుజామున మెలకువ రావడం ఖాయం. శీతాకాలంలో సాయంత్రం చూడదలచుకున్న చోట్లను మధ్యాహ్నానికి మార్చుకోవాలి. నిద్ర అసలు చెడేది రాత్రి విమానంలో. ఏడు గంటల ప్రయాణంలో ఎక్కడానికి, భోజనానికి, దిగడానికి పోగా నికరంగా నాలుగు గంటల నిద్ర కూడా దక్కదు.

ప్రశ్న: తైపేలో విమానం మారే టికెట్ చవకగా వస్తోంది. దూరం ఎంత పెరుగుతుంది?

జవాబు: దూరం పెరిగినట్టే లెక్క కాదు. సింగపూర్ నుంచి తైపే 3,220 కిలోమీటర్లు, తైపే నుంచి నరితా 2,180 కిలోమీటర్లు, మొత్తం 5,400. నేరుగా వెళ్లేదాని కంటే యాభై కిలోమీటర్లే ఎక్కువ, ఎందుకంటే తైపే ఆ దారికి దగ్గరలోనే ఉంది. హాంకాంగ్ మీదుగా అయితే మొత్తం 5,530 దాకా వస్తుంది, అదీ పెద్ద తేడా కాదు.

సమయం మాత్రం దూరంతో పాటు నడవదు. పైన చెప్పిన ముప్పావు గంట, అంటే నేల మీద పాకడం, ఎక్కడం, దిగడం, రెండు విమానాలకూ రెండుసార్లు పడుతుంది కాబట్టి, విమానాల్లో గడిపే సమయమే ఏడున్నర నుంచి ఎనిమిది గంటలు అవుతుంది. దానికి మధ్యలో ఆగే సమయం కలపాలి. రెండు గంటలు ఆగినా మొత్తం పది గంటల దరిదాపుల్లోకి వెళుతుంది. చవక ధరలో ఆదా అయ్యే సొమ్మును ఆ మూడు గంటలతో పోల్చి చూసుకోవడం మీ చేతిలో ఉంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌లో ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తరువాతి విమానంలో చేర్చే బాధ్యత విమాన సంస్థది. విడివిడిగా రెండు టికెట్లు కొంటే రెండో సంస్థకు మీ మొదటి విమానంతో సంబంధం ఉండదు, కొత్త టికెట్ డబ్బు మీరే పెట్టుకోవాలి, సామాను కూడా తైపేలో తీసుకుని మళ్లీ అప్పగించాల్సి రావచ్చు. అలా కొనేవారు రెండు విమానాల మధ్య కనీసం నాలుగైదు గంటల వ్యవధి ఉంచుకోవాలి.